సెల్లారులో చెరువు

కాలు తడిసేదాకా ప్రెస్సమ్మకు సంగతి తెలియలేదు. రోజూలాగే పొద్దున్నే తాళం తీసి, అలవాటైన చీకట్లో సెల్లారు మెట్లు దిగుతూ, ఆఖరి మెట్టు దగ్గర స్విచ్చి కోసం చెయ్యి చాపింది. నేల మీద పడాల్సిన పాదం నీళ్ళలో పడింది.

లైటు వేసి చూస్తే గదంతా ఒకటే నీరు. అచ్చువేసే ఆఫ్‌సెట్ మిషను కాళ్ళు మునిగి ఉన్నాయి. ఇటుకల మీద ఎత్తుగా పేర్చిన కాగితం కట్టలు అడుగు నుంచి నీళ్ళు పీల్చుకుని ఉబ్బిపోయాయి. వాటి పక్కనే, బైండింగుకు వెళ్ళాల్సిన పిల్లల కథల పుస్తకాల అచ్చయిన ఫారాలు. లైబ్రరీల వాళ్ళు నమ్మి ఇచ్చిన పని అది. నాలుగు రంగుల్లో, ఏ రంగూ పక్కకు జరగకుండా, దగ్గరుండి కొట్టించింది. ఒక కట్ట మీద చెయ్యి వేస్తే కాగితం కాగితానికి అతుక్కుని ముద్దలా వచ్చింది.

అప్పటికి వాన చుక్క పడి నెలలైంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"మళ్ళీ మొదలుపెట్టాడు!" అంది ప్రెస్సమ్మ, పైకప్పు వైపు చూస్తూ.

పైన ఉన్నది లాండ్రీ. చెరువుకట్టను ఆనుకుని పల్లంలో ఉన్న ఆ వీధిలో ఆ భవనానిది చివరి నుంచి రెండో స్థానం. సెల్లారు ప్రెస్సమ్మది, నేల అంతస్తు లాండ్రీ ఆయనది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే గ్లాసులో సగం సగం టీ పంచుకున్నవాళ్ళే. రెండేళ్ళుగా మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. సెల్లారు గోడల్లోంచి నీళ్ళు ఊరడం మొదలైన రోజు నుంచీ ఆమెకు ఆయన మీదే అనుమానం. బట్టలు ఉతికేవాడు కాక ఇంకెవరు పారిస్తారు అన్ని నీళ్ళు? మొదట చెప్పి చూసింది. తర్వాత అరిచింది. ఆ తర్వాత వీధిలో నిలబెట్టి, దులపాల్సినదంతా దులిపింది. ఆ మనిషి గోడలు పగలగొట్టించి, పైపులన్నీ పీకించి కొత్తవి వేయించాడు. అయినా నీళ్ళు ఆగలేదు. ఆమె నోరూ ఆగలేదు.

తడి చెప్పులతోనే పైకి వెళ్ళింది. లాండ్రీ షట్టరుకు తాళం వేసి ఉంది. అరచేత్తో దబదబా బాదింది.

అప్పుడే సైకిలు దిగుతున్న మిషనాయన, "ఎందుకక్కా ఆ బాదుడు? ఆయన ఊళ్ళో లేడు. కూతురి పురుడని పోయిన వారమే వెళ్ళాడు" అన్నాడు. ఆమె భర్త ఉన్న రోజుల నుంచీ ఆ మిషను నడుపుతున్నది ఈ మనిషే. భర్త పోయాక ప్రెస్సు అమ్మేయమన్నవాళ్ళందరికీ ఎదురు నిలిచి, 'అమ్మకండక్కా, నడుపుదాం' అన్నదీ ఈ మనిషే.

"ఊళ్ళో లేకపోతే పంపు విప్పేసి వెళ్ళుంటాడు."

"మెయిన్ వాల్వు కట్టేసి వెళ్ళాడు. నా కళ్ళముందే. 'మీ అక్క మళ్ళీ నా మీద పడుతుంది, నువ్వే సాక్షి' అని నవ్వాడు కూడా."

ప్రెస్సమ్మ మెట్ల పక్కకు వెళ్ళి వాల్వు చూసింది. బిగించి ఉంది. మీటరు ముల్లు కదలడం లేదు.  మళ్ళీ కిందకు దిగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వాసన చూసింది. సబ్బు వాసన లేదు. నాచు వాసన, బురద వాసన, ఎక్కడో చేపల వాసన.

"ఇది చెరువు నీళ్ళ వాసన" అంది, తనతో తనే చెప్పుకుంటున్నట్టు.

"చెరువులో నీళ్ళెక్కడివక్కా, ఎండిపోతేనూ?" అన్నాడు మిషనాయన మోటారు పైపు వెతుకుతూ. "ఓ... ఉన్నాయి. మీ తమ్ముడు నింపిస్తున్నాడుగా."

ప్రెస్సమ్మ మారు మాట్లాడకుండా మెట్లెక్కింది. వీధి దాటి, కట్ట మీదకు వెళ్ళే రాతిమెట్లు కూడా ఎక్కింది.

*

చెరువును బాగుచేయించింది ఆమె తమ్ముడే. కరెంటు సామాన్ల కొట్టు నడుపుకుంటూ, కాలనీ వాళ్ళందరినీ కూడగట్టి, చెరువు కమిటీ పెట్టి, దానికి ప్రెసిడెంటయ్యాడు. అంతకుముందు ఆ చెరువు చెత్తకుప్ప. గుర్రపుడెక్క పెరిగి నీళ్ళే కనబడేవి కావు. మురుగు కాలువను పక్కకు మళ్ళించి, పూడిక తీయించి, కట్టకు రాయి పరిపించి, పైన నడకదారి, రెయిలింగు, దీపాలు, బెంచీలు పెట్టించాడు. ఆ మాటకొస్తే ఆ పని చూసి ప్రెస్సమ్మ కూడా పొంగిపోయింది. ప్రారంభోత్సవం కార్డులు ఊరికే అచ్చువేసి ఇచ్చింది.

అయితే బాగుచేసిన చెరువులో నీళ్ళు నిలవడం మానేశాయి. వానలకు నిండుతుంది. వానలు వెనక్కి తగ్గగానే చూస్తూ చూస్తుండగానే దిగిపోతుంది. చేపలు బురదలో కొట్టుకుని చచ్చేవి. కట్ట మీద నడిచేవాళ్ళు ముక్కు మూసుకుని నడిచేవాళ్ళు. ఎవరడిగినా ప్రెసిడెంటు ఒకటే జవాబు చెప్పేవాడు: "ఎండలు ముదిరాయండీ. ఆవిరైపోతోంది."

ప్రెస్సమ్మ కట్ట ఎక్కేసరికి తొడ లావు పైపులోంచి నీళ్ళు చెరువులోకి దబదబా దూకుతున్నాయి. కమిటీ వేయించిన బోరు అది. తమ్ముడు తెల్లచొక్కా మడతలు నలగకుండా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, నిండుతున్న చెరువును చూసుకుంటున్నాడు. రెండో వార్షికోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. ఎండిన చెరువు చూపించలేరు కదా.

"ఏరా, ఇదెప్పటి నుంచి నడుస్తోంది?"

"రా అక్కా! చూశావా ఎలా నిగనిగలాడుతోందో. నాలుగైదు రోజులైంది మొదలుపెట్టి."

"నా సెల్లారు కూడా నిగనిగలాడుతోంది. వచ్చి చూసుకో."

"లాండ్రీ వాడు మళ్ళీ వదిలాడా? నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను, వాణ్ణి ఖాళీ చేయిస్తే గాని..."

"వాడు ఊళ్ళోనే లేడు!"

ఆ అరుపుకు రెయిలింగు అవతల నీళ్ళలో వంగి ఉన్న అమ్మాయి తలెత్తి చూసింది. మోకాళ్ళు దాటిన రబ్బరు బూట్లతో, ఎండకు నల్లబడిన చేతులతో కొద్దిరోజులుగా ఆ గట్టు మీదే తిరుగుతోంది. చెరువు ఎందుకు ఖాళీ అవుతోందో చూడమని నీటి శాఖ పంపిన ఇంజినీరు. కట్ట మీద నడిచేవాళ్ళందరికీ ఆమె బూట్లమ్మాయి.

"మీ సెల్లారు ఎక్కడమ్మా?" అని అడిగింది బూట్లమ్మాయి పైకి వస్తూ.

"ఇదిగో, ఈ కట్ట దిగితే రెండో బిల్డింగు."

"నీళ్ళు ఎప్పుడు వచ్చాయి?"

"నిన్న ప్రెస్సు కట్టేసే వేళకు పొడిగా ఉంది. పొద్దున్న చూస్తే పాదం మునిగింది."

బూట్లమ్మాయి నీళ్ళ అంచున పాతిపెట్టిన ఒక ప్లాస్టిక్ టబ్బును చూపించింది. దాన్నిండా చెరువు నీళ్ళే. "ఎండ దీన్నీ తాగుతుంది, చెరువునూ తాగుతుంది. రెంటిలోనూ ఒకేలా తగ్గాలి కదా. మొన్న బోరు ఆపించి చూశాను. టబ్బులో తగ్గింది గోరంత. చెరువులో తగ్గింది జానెడు. మిగతాది ఎండ తాగలేదు, ఎటో పోయింది."

"కొత్త చెరువు కదమ్మా, నేల తాగుతుంది" అన్నాడు ప్రెసిడెంటు నవ్వుతూ.

"నేలే తాగితే అంతటా సమానంగా తాగుతుందండీ. ఇలా ఒక మట్టం దాటగానే ఒక్కసారి లాగేయదు. ఎక్కడో దారి ఉంది." ఆమె కట్ట పొడుగునా చూసింది. "ఇక్కడ పాత తూము ఏదైనా ఉండేదా? ఒకప్పుడు ఈ పల్లమంతా పొలాలేనటగా. నీళ్ళు వదలడానికి తూము లేకుండా ఉండదు."

"తూమా? ఏమో... నాకైతే..." అని ప్రెసిడెంటు నీళ్ళు నమిలాడు. ఇంతలో ఎవరో పిలిచినట్టు అటు వెళ్ళిపోయాడు.

తమ్ముడు అలా మాట మింగడం ప్రెస్సమ్మ గమనించింది. చిన్నప్పుడు పగలగొట్టిన గాజు గ్లాసు ముక్కలు అటక మీద దాచి, అన్నానికి వచ్చి కూర్చున్నప్పుడు కూడా వాడి గొంతు ఇలాగే ఉండేది.

*

బూట్లమ్మాయి ఆరోజే సెల్లారుకు వచ్చింది. మోటారు తోడుతుంటే గోడ వెంట తడుముతూ వెళ్ళి, కట్ట వైపు మూలలో నేల దగ్గర ఆగింది. అక్కడ నీరు సన్నగా, చల్లగా, ఆగకుండా ఊరుతోంది.

"రేపు నేను చెరువులో ఒకచోట రంగు కలుపుతాను. ఆకుపచ్చది. చేపలకు గాని మనుషులకు గాని ఏమీ కాదు. మీరు ఈ మూల మీదే ఒక కన్ను వేసి ఉంచండి."

మర్నాడు భోజనాలు చేసి, తడిసిన ఫారాల్లో పనికొచ్చేవి ఏమైనా ఉంటాయేమోనని ప్రెస్సమ్మ బయట తీగల మీద ఆరేస్తోంది. కింద నుంచి మిషనాయన కేక వేశాడు.

"అక్కా! ఏదో ఇంకు డబ్బా ఒలికింది!"

"ఏ రంగు?"

"పచ్చది."

"మన దగ్గర పచ్చ డబ్బా ఎక్కడిది? మనం పచ్చ కావాలంటే నీలం మీద పసుపు కొడతాం కదా."

అన్నాక ఆమెకు బూట్లమ్మాయి రంగు గుర్తొచ్చింది. ఆమె పరుగున మెట్లు దిగింది. మూలలో ఊరుతున్న నీరు లేత చిగురు రంగులో మెరుస్తోంది. చూస్తుండగానే ఆ రంగు నేల మీద పాకి, మిషను కాళ్ళ దాకా వచ్చింది.

ప్రెస్సమ్మ అక్కడే ఇటుకల మీద కూర్చుండిపోయింది. రెండేళ్ళు. ముక్కిపోయిన కాగితం, తుప్పు పట్టిన రోలర్లు, చెమ్మకు వంకర్లు పోయి మిషనులో ఇరుక్కునే షీట్లు, ఊట ఉన్న రోజుల్లో పొద్దున్న మోటారు, సాయంత్రం మోటారు. తోడిన నీళ్ళన్నీ వీధి కాలువలో పోసింది. అక్కడ పైన చెరువు ఎండిపోతోందని వాడు ఏడుస్తుంటే, ఇక్కడ కింద అదే చెరువును తను తోడి మురుగులో కలిపింది. మధ్యలో ఏ పాపం ఎరగని మనిషిని వీధిలో నిలబెట్టి తిట్టింది.

ఒళ్ళు భగభగా మండింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. ఫోను తీసి తమ్ముడికి చేసింది. "ఉన్నపళంగా రా" అంది. ఇంకేం చెప్పలేదు.

*

తమ్ముడు వచ్చి మెట్ల మీదే ఆగిపోయాడు. పచ్చటి నీళ్ళను చూశాడు. గోడ పక్కన నిలబడ్డ బూట్లమ్మాయిని చూశాడు. 

"రంగు ఎక్కడ కలిపావమ్మా?" అని అడిగాడు.

"మీ వేదిక ముందర" అంది బూట్లమ్మాయి. "వేదిక కింద తూము ఉందండి. రాతి తూము. నీళ్ళలో దిగి తడిమి చూశాను, మూతి దగ్గర బండలు పేర్చి వదిలేశారు, పూడ్చలేదు. నీళ్ళు బండల సందుల్లోంచి దూరి, తూము లోపలి నుంచి కట్ట దాటి ఇటు వస్తున్నాయి. తవ్వి, రాళ్ళు తీసేసి, బంకమట్టితో మూయాలి."

కట్ట మీద సరిగ్గా మధ్యలో తమ్ముడు కట్టించిన గుండ్రటి వేదిక అది. మెరిసే పలకలు, చుట్టూ పూల తొట్లు, ముందువైపు నల్లరాతి మీద వాళ్ళ అమ్మ పేరు.

"వేదికను ముట్టుకోవడానికి వీల్లేదు" అన్నాడు తమ్ముడు.

"ఏమన్నావ్?" అంది ప్రెస్సమ్మ.

"ఫంక్షను అయిపోనీ అక్కా. తర్వాత పక్క నుంచి ఏదైనా సిమెంటు పోయించి..."

"సిమెంటు రాయిని పట్టుకుంటుంది గాని చుట్టూ ఉన్న మట్టిని పట్టుకోదండీ" అంది బూట్లమ్మాయి. "నీరు దాని పక్క నుంచే ఇంకో దారి చేసుకుంటుంది. ఇప్పటికే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతోంది. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక వానకు కట్టే కూర్చుంటుంది. పల్లంలో ఇళ్ళున్నాయి."

"నీకు తెలుసా రా అక్కడ తూము ఉందని?" అని అడిగింది ప్రెస్సమ్మ. గొంతు పెంచలేదు. మిషనాయన మోటారు ఆపేశాడు.

తమ్ముడు తలుపు వైపు చూశాడు. "తవ్వేవాళ్ళు చెప్పారు. అప్పుడు. పొలాలే లేవు, తూము ఎవడికి కావాలి, పైన రాళ్ళు వేసి కప్పేయండి అన్నాను. అది ఇంత పని చేస్తుందని నాకేం తెలుసు?"

"తెలియలేదా? నా గోడల్లోంచి నీళ్ళు ఊరుతుంటే వచ్చి చూసింది ఎవరు? 'ఇది లాండ్రీ వాడి పనే అక్కా, వదలకు' అన్నది ఎవరు? వాడి మీదకు నన్ను ఉసిగొల్పి నువ్వు పక్కన నిలబడలేదూ?"

"నాకు తట్టలేదు అంటున్నాను కదా!"

"తట్టలేదో, తట్టినా నోరు కుట్టేసుకున్నావో!"

"అవునక్కా, అన్నీ నేనే చేశాను!" తమ్ముడి ముఖం ఎర్రబడింది. "చెత్తకుప్పను చెరువు చేసింది నేనే, మురుగులో దిగింది నేనే. కాలనీలో ఒక్కడైనా వచ్చాడా? నువ్వు వచ్చావా? అమ్మ పేరన ఒక్క వేదిక కట్టుకుంటే దాన్ని పగలగొడతానంటావా? ఆఖరి రోజుల్లో అమ్మ సాయంత్రాలు ఎక్కడ కూర్చునేదో నీకు తెలుసా? ఆ గట్టు మీద. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నేను. నువ్వు ఈ మిషను చప్పుడులో ఫోను కూడా ఎత్తేదానివి కాదు."

ఆ మాట గురి చూసి కొట్టినట్టు తగిలింది. ఎందుకంటే అది నిజం.  ప్రెస్సమ్మ మాట మునుపటికంటే మొరటుగా వచ్చింది.

"అమ్మను చూసుకున్నావు. ఒప్పుకుంటాను, చచ్చేదాకా ఒప్పుకుంటాను. కానీ అమ్మ పేరు తెచ్చి బొక్క మీద మూత పెట్టకు. ఆవిడ బతికుండగా ఇంట్లో పంపు కారుతుంటే నిద్రపోయేది కాదు."

తమ్ముడు మెట్లెక్కి వెళ్ళిపోయాడు. కట్ట మీద బోరు ఆగలేదు. సెల్లారులో మోటారూ ఆగలేదు. బూట్లమ్మాయి ఆఫీసులో అడిగి వచ్చి, పళ్ళు నూరుతూ చెప్పింది: "మంత్రిగారు వచ్చి వెళ్ళేదాకా ఏదీ కదిలించొద్దట. 'ఇన్నాళ్ళు కారింది, ఇంకొన్నాళ్ళు కారితే ఏమైంది' అన్నాడు మా పెద్దసారు."

"ఏమైందో వచ్చి ఈ నీళ్ళలో నిలబడి చెప్పమను" అంది ప్రెస్సమ్మ.

*

లాండ్రీ ఆయన మనవరాలు పుట్టిన సంబరంతో ఊరి నుంచి వచ్చాడు. షట్టరు ఎత్తీ ఎత్తకముందే ప్రెస్సమ్మ ఎదురుగా నిలబడి ఉంది. అలవాటు కొద్దీ ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను వచ్చిందే ఇప్పుడమ్మా. వాల్వు..."

"తప్పు నాది" అంది ఆమె. "నీళ్ళు మీవి కావు. చెరువువి. రెండేళ్ళుగా చెరువువే. నన్ను క్షమించండి."

చెబితే ఆయన మెత్తబడతాడనుకుంది. ఆయన చేతి సంచీ కింద పెట్టాడు. సంగతంతా విన్నాడు. వింటున్నకొద్దీ మెడ నరాలు బిగిశాయి.

"క్షమించాలా? నా కూతురి పెళ్ళి చూపులకు వచ్చినవాళ్ళ ముందు మీరు నన్ను నీళ్ళ దొంగ అన్నారు. గుర్తుందా? గోడలు పగలగొట్టుకున్నాను. పైపులు మార్చుకున్నాను. ఎవరి బట్టలు ఉతుకుతున్నా భయమే, ఎక్కడ చుక్క కిందపడితే మీరు పైకి వస్తారో అని. ఇప్పుడొచ్చి ఒక్క మాట అనేస్తే అయిపోయిందా?"

"కాలేదు. నాకూ తెలుసు."

"మరి ఎందుకొచ్చారు?"

"మీరు తిట్టడానికి. తిట్టండి."

ఆయన తిట్టాడు. ఎదురింటి వాళ్ళు కిటికీలు తెరిచి చూసేంత గట్టిగా తిట్టాడు. ప్రెస్సమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, అడ్డు రాకుండా, తల దించకుండా మొత్తం వింది. తర్వాత మెట్ల కింది నుంచి మిషను ఎత్తడానికి వాడే పెద్ద గడ్డపార తీసుకుని కట్ట వైపు నడిచింది.

*

సాయంత్రపు నడకకు వచ్చినవాళ్ళతో కట్ట కిటకిటలాడుతోంది. వేదికకు అప్పటికే పూలదండలు కట్టడం మొదలైంది. ప్రెస్సమ్మ చెప్పులు విప్పింది. అమ్మ పేరున్న నల్లరాతిని పైట చెంగుతో తుడిచింది. అక్కడే ఉన్న బూట్లమ్మాయి వైపు తిరిగి, "ఎక్కడ?" అని అడిగింది.

"తవ్వమని నేను చెప్పలేనమ్మా. ఉద్యోగం ఉండదు." బూట్లమ్మాయి వేదికలో ఒకచోట బూటు మడమతో రెండుసార్లు తట్టింది. "కానీ తూము మాత్రం దీని కింద ఉంది."

గడ్డపార పడింది. మొదటి దెబ్బకు పలక పగిలింది, రెండో దెబ్బకు లేచింది. జనం గుమిగూడారు. ఎవరో అరిచారు, ఎవరో ఫోను తీశారు. ఆమెకు ఎవరి మాటా వినబడలేదు. చేతులు బొబ్బలెక్కుతున్నా ఆపలేదు. ఆయాసం తట్టుకోలేక గడ్డపార మీద వాలినప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి దాన్ని లాక్కుంది.

లాండ్రీ ఆయన.

"మీ మీద కోపం పోయిందని రాలేదు" అన్నాడు ముఖం చూడకుండా. "దీని మీద కూడా ఉంది. పక్కకు జరగండి."

కబురు అందగానే తమ్ముడు కొట్టు నుంచి పరుగెత్తుకొచ్చాడు. జనాన్ని తోసుకుని వచ్చి, పగిలిన పలకల మీదే అడ్డంగా కూర్చున్నాడు. తెల్లచొక్కాకు మట్టి అంటుకుంది.

"కొట్టండి. నా మీద నుంచి కొట్టండి. అక్కా, అమ్మ మీద కొడుతున్నావు నువ్వు!"

లాండ్రీ ఆయన గడ్డపార దించాడు. అరుపులు ఆగిపోయాయి. అప్పుడు వినబడింది. తమ్ముడు కూర్చున్న చోటికి కింద, మట్టిలో లోతుగా, నీళ్ళు పారుతున్న చప్పుడు. బిందెలోకి పంపు వదిలినట్టు గలగలా కాదు. పెద్ద గొంతుతో ఎవరో గుటకలు వేస్తున్నట్టు.

ముందున్నవాళ్ళు వంగి విన్నారు. తర్వాతివాళ్ళను పిలిచారు. రోజూ ఆ చెరువు చుట్టూ తిరిగే ముసలాయన ఒకడు చేతికర్ర నేలకు ఆనించి చెవి పెట్టాడు. లేచి ప్రెసిడెంటును చూశాడు.

"ఎండకు ఆవిరైపోతోందన్నావు" అన్నాడు. "మొన్నటిదాకా మా బావుల్లో నీళ్ళుండేవి. నీ బోరు మా కిందినుంచి తోడి దీన్లో పోస్తోంది. ఇది తీసుకెళ్ళి ఆవిడ ప్రెస్సులో పోస్తోంది. ఇదేనా నువ్వు చేసిన బాగు?"

ఆ మాటతో గుంపులో అందరి నోళ్ళూ లేచాయి. ఎవరో పరుగెత్తి వెళ్ళి బోరు స్విచ్చి కట్టేశారు. పైపులో నీరు ఆగింది. తమ్ముడు కాసేపు అలాగే కూర్చున్నాడు, కింది చప్పుడు ఒంటికి తగులుతుండగా. ఎవరూ చెయ్యి అందించలేదు. తనంతట తనే లేచి, మట్టి కూడా దులుపుకోకుండా వెళ్ళిపోయాడు.

*

మంత్రిగారు రాలేదు. కట్టకు గొయ్యి పడ్డాక పెద్దసారుకు కూడా 'తర్వాత చూద్దాం' అనే వీలు లేకపోయింది. బూట్లమ్మాయి కూలీలను దింపి తూము రాళ్ళు ఒక్కొక్కటీ పైకి తీయించింది. గుప్పిట్లో పిసికి చూసి, సాగే బంకమట్టినే తెప్పించింది. మట్టి తడపడం, పలచగా పరవడం, దిమ్మిసతో కొట్టడం, మళ్ళీ పరవడం. తొందరపడి ఎవరైనా మందంగా వేస్తే తీయించేసేది. లాండ్రీ ఆయన షట్టరు దించి వచ్చి రోజూ ఒక పూట దిమ్మిస పట్టాడు. ప్రెస్సమ్మతో మాత్రం అక్కడ కూడా మాట్లాడలేదు.

వానలు వచ్చాయి. చెరువు నిండింది. వానలు తగ్గాక బూట్లమ్మాయి తన టబ్బు మళ్ళీ పెట్టి చూసింది. టబ్బులో ఎంత తగ్గిందో చెరువులోనూ అంతే తగ్గింది. సెల్లారు నేల తెల్లబారి ఆరింది. గోడల మీద ఉప్పు పొక్కులు రాలిపోయాయి. కాగితం మళ్ళీ కరకరలాడింది. లైబ్రరీల పని మాత్రం వేరే ప్రెస్సుకు వెళ్ళిపోయింది. అది తిరిగి రాలేదు.

నీళ్ళతో పాటు కోపం కూడా దిగిపోతుందని ప్రెస్సమ్మ అనుకుంది. దిగలేదు.

తమ్ముడు ప్రెసిడెంటు పదవి వదిలేశాడు. అక్క ఎదురుపడితే రోడ్డు దాటేవాడు. చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం సెల్లారు మెట్లు దిగి వచ్చి, పొడినేల మీద నిలబడి చుట్టూ చూశాడు. చిక్కిపోయి ఉన్నాడు.

"ఏంటి?" అంది ప్రెస్సమ్మ, మిషను ఆపకుండానే.

వాడేదో అన్నాడు. చప్పుడులో వినబడలేదు. మిషనాయన స్విచ్చి కట్టేసి బయటికి వెళ్ళిపోయాడు.

"నువ్వు అడిగావుగా అక్కా, తట్టలేదా అని" అన్నాడు తమ్ముడు. "తట్టింది. మొదటి ఏడాది వానల్లోనే అనుమానం వచ్చింది. ఎవర్నీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని."

ఆమె చేతిలోని కాగితం నలిగిపోయింది. కొట్టాలనిపించింది. వాడి భుజాలు పట్టుకుని కుదిపేయాలనిపించింది. వాడు చెప్పకుండా ఉంటేనే బాగుండేదని కూడా ఒక క్షణం అనిపించింది.

"నాకెందుకు చెబుతున్నావు?"

"నీకు కాక ఇంకెవరికి చెప్పను?"

"పైకి వెళ్ళు. నీ మాట విని నేను దొంగను చేసిన మనిషి పైనున్నాడు. ఈ ముక్క అక్షరం పొల్లుపోకుండా ఆయనకు చెప్పు. ఆ తర్వాత నా దగ్గరికి రా. వస్తే రా."

 తమ్ముడు మెట్లెక్కాడు. పైన అడుగుల చప్పుడు షట్టరు దాకా వెళ్ళి ఆగింది. ఇస్త్రీపెట్టె బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. తమ్ముడి గొంతు సన్నగా, తడబడుతూ మొదలైంది. అది ముగిసీ ముగియకముందే లాండ్రీ ఆయన గొంతు భవనం అదిరేలా లేచింది.

మిషనాయన తిరిగి వచ్చి స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"ఉండు" అంది ప్రెస్సమ్మ పైకప్పు వైపు చూస్తూ. "ఇప్పుడే వెయ్యకు. నేను వినాలి."